ఫోర్ ఛానెల్ యాంప్: ఫ్యూజులు పోతున్నాయి, మాస్‌ఫెట్లు మార్చినా అదే వరస

ఒంగోలు_డిజైర్:

అన్నలకు నమస్తే. డిజైర్ డిక్కీలో ఉన్న ఫోర్ ఛానెల్ యాంప్ గురించి అడుగుతున్నా. క్లాస్ ఏబీ, 4 ఓమ్స్ మీద ఛానెల్‌కి 50 వాట్లు. బాడీ మీద 30 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజులు రెండు. 1, 2 ఛానెళ్ళు ముందు డోర్ల స్పీకర్లకి. 3, 4 బ్రిడ్జ్ చేసి (రెండు ఛానెళ్ళని ఒకటిగా కలిపి) 12 అంగుళాల సబ్‌కి, అంటే బాస్ స్పీకరుకి. సబ్ డబుల్ కాయిల్, 4+4 ఓమ్స్. ప్లస్సులు రెండూ ఒకచోట, మైనస్సులు రెండూ ఒకచోట కలిపి యాంప్‌కి ఒకే జత వైరు తెచ్చారు. బ్యాటరీ నుంచి డిక్కీకి 8 గేజ్ వైరు 5 మీటర్లు. ఎర్త్ వెనక సీటు బెల్టు బోల్టుకి ఇచ్చారు.

మొదట్లో సబ్ గట్టిగా కొట్టినప్పుడు మాత్రం ఎర్ర ప్రొటెక్ట్ లైటు వెలిగేది, ఆపి వేస్తే పోయేది. తర్వాత ఒకేసారి రెండు ఫ్యూజులూ పోయాయి. ఇక్కడ షాపులో పవర్ సప్లయిలో ఉన్న ఐఆర్‌ఎఫ్3205 మాస్‌ఫెట్లు (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) నాలుగూ మార్చి ఇచ్చారు. కారులో అన్నీ తగిలించి పెడితే ఐదు నిమిషాలు పాడింది, టప్పుమంది, కాలిన వాసన, మళ్ళీ ఫ్యూజులు.

ఇప్పుడు మీటరు బీప్‌లో పెడితే బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కీ గ్రౌండ్‌కీ సున్నా. నాలుగు మాస్‌ఫెట్లకీ డ్రెయిన్-సోర్స్ కాళ్ళ మధ్య బీప్ అంటోంది. నాలుగూ పోయినట్టేనా? నా దగ్గర మామూలు డిజిటల్ మీటరు, 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సక్కర్, పాత కారు బ్యాటరీ ఒకటి ఉన్నాయి. ఏ వరసలో చూడమంటారు?


బాస్_ప్రియుడు:

చైనా ఫ్యూజులు అట్టాగే పోతాయి బ్రో. రెండూ 40వి వేసి చూడు, ఆగుద్ది.


సర్క్యూట్_నెల్లూరు:

40 వెయ్యొద్దన్నా. షార్ట్ ఉన్నచోట పెద్ద ఫ్యూజు వేస్తే ఫ్యూజు బదులు బోర్డు మీద రాగి ట్రాక్ పోతుంది. ట్రాక్ కింద ఫైబరు ఒకసారి బొగ్గయితే ఆ బొగ్గు కూడా కరెంటు లాగుతుంది, ఆ బోర్డు ఇంక పక్కన పెట్టాల్సిందే.

ఇక అసలు సంగతి. నాలుగూ బీప్ అన్నంత మాత్రాన నాలుగూ పోయినట్టు కాదు. కారు యాంపుల్లో ఈ సప్లయి పుష్-పుల్ పద్ధతిలో ఉంటుంది. బ్యాటరీ ప్లస్ వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ మధ్య ట్యాప్‌కి తగులుతుంది. ప్రైమరీ రెండు కొసలు రెండు జట్ల డ్రెయిన్లకి పోతాయి. సోర్సులన్నీ గ్రౌండే. ప్రైమరీ అంటే లావు రాగి నాలుగైదు చుట్లు, మీటరుకి అది ఉత్త తీగ. కాబట్టి నాలుగింటిలో ఒక్కటి షార్ట్ అయినా నాలుగూ బీప్ అంటాయి, బ్యాటరీ టెర్మినళ్ళు కూడా బీప్ అంటాయి.

బోర్డు మీద ఉండగానే కొంత ఆచూకీ కావాలంటే గేట్-సోర్స్ కొలవండి. ఐఆర్‌ఎఫ్3205 పేరు మీవైపు పెట్టుకుంటే ఎడమ నుంచి గేట్, డ్రెయిన్, సోర్స్. మంచిదానికి అక్కడున్న పుల్-డౌన్ రెసిస్టర్ (గేట్‌ని గ్రౌండ్‌కి లాగి ఉంచేది) విలువ చూపిస్తుంది. పోయినదానికి చాలాసార్లు సున్నాకో కొద్ది ఓమ్స్‌కో పడిపోతుంది. గేట్ రెసిస్టర్లు 47 ఓమ్స్ అయి, ఒకదానికి సున్నా వచ్చి దాని జతదానికి 94 దగ్గర వస్తే, ఆ రెండోది బాగున్నట్టే. అది రెండు 47ల గుండా పక్కదాని షార్టుని చూపిస్తోంది.

తర్వాత నాలుగూ ఊడదీయండి. సక్కర్‌తో లాగేముందు కాళ్ళకి కొంచెం కొత్త లెడ్ (టంకం) ఎక్కించండి. పాత లెడ్ తేలిగ్గా కరుగుతుంది, ప్యాడ్ లేవదు. బయట డయోడ్ మోడ్‌లో ఎర్ర ప్రోబు సోర్స్ మీద, నల్లది డ్రెయిన్ మీద పెడితే 0.4 నుంచి 0.6 మధ్య రావాలి, తిప్పి పెడితే ఏమీ రాకూడదు. తిప్పి పెట్టినప్పుడు కూడా ఏదో చూపిస్తే వెంటనే పారెయ్యొద్దు, గేట్‌లో చార్జి మిగిలి ఉండొచ్చు. గేట్‌నీ సోర్స్‌నీ ఒక క్షణం వేలితో కలిపి మళ్ళీ కొలవండి. గేట్ నుంచి మిగతా రెండు కాళ్ళకీ ఎటు పెట్టినా ఓపెన్ ఉండాలి.

నాలుగూ తీశాక బ్యాటరీ టెర్మినళ్ళ మధ్య బీప్ పోవాలి. ఇన్‌పుట్ కెపాసిటర్లు చార్జ్ అయ్యేదాకా ఒక చిన్న కూత వచ్చి ఆగితే పర్వాలేదు. ఆగకుండా మోగుతుంటే టెర్మినళ్ళ దగ్గర రివర్స్ పోలారిటీ డయోడ్ ఏమైనా ఉంటే అది చూడండి.

ఇక్కడ ఆగండి. కొత్త మాస్‌ఫెట్లు ఇప్పుడే వేయకూడదు. మాస్‌ఫెట్ దానంతట అది పోవడం అరుదు. దాన్ని చంపేది ట్రాన్స్‌ఫార్మర్ అవతలి వైపు, అంటే సెకండరీ పక్క షార్టో, గేట్‌కి వచ్చే డ్రైవ్ సరిగా లేకపోవడమో. ఈ రెండూ చూడకుండా ఎన్ని జతలు వేసినా కాలిపోతూనే ఉంటాయి. ముందుగా చూడాల్సింది అవుట్‌పుట్లు. స్పీకర్ వైర్లు, ఆర్‌సీఏలు (స్టీరియో నుంచి పాట తెచ్చే వైర్లు) అన్నీ పీకేయండి. రైల్ (అవుట్‌పుట్లకి వెళ్ళే లోపలి ప్లస్, మైనస్ సప్లయి) కెపాసిటర్లలో ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య 60 వోల్టుల దాకా నిలవ ఉండొచ్చు, 100 ఓమ్స్ 5 వాట్ల రెసిస్టరు రెండు క్షణాలు తగిలించి దించేయండి, స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు. ఆ తర్వాత హీట్ సింక్‌కి బిగించిన పెద్ద ట్రాన్సిస్టర్లు ఒక్కోదానికీ కలెక్టర్-ఎమిటర్ కొలవండి. టిప్35సీ, టిప్36సీ రకం అయితే ఎడమ నుంచి బేస్, కలెక్టర్, ఎమిటర్. ఇక్కడ పైన చెప్పిన చిక్కు లేదు. ఒక్కో ఛానెల్ అవుట్‌పుట్ విడిగా ఉంటుంది కాబట్టి ఏ ఛానెల్‌లో పోయిందో అక్కడే బీప్ వస్తుంది. ఎమిటర్ కాలు దగ్గర తెల్ల సిమెంటు రెసిస్టర్లు 0.22 ఓమ్స్‌వి ఉంటాయి, అవి ఓపెన్ అయ్యాయేమో చూడండి.

మీకున్న పెద్ద లాభం ఏందంటే ఒకే రకం ఛానెళ్ళు నాలుగుండాయి. సర్క్యూట్ డయాగ్రం లేకపోయినా ఫర్వాలేదు. అనుమానం వచ్చిన చోట ఏ కాలు కొలిచినా అదే కాలు మంచి ఛానెల్లో కొలవండి, తేడా ఎక్కడుంటే అక్కడే జబ్బు.

ఇక డ్రైవ్. మాస్‌ఫెట్లు లేకుండానే పాత బ్యాటరీ నుంచి 12 వోల్టులు, రిమోట్‌కి (స్టీరియో నుంచి వచ్చి యాంప్‌ని ఆన్ చేసే వైరు టెర్మినల్) కూడా అదే 12 ఇవ్వండి. ప్లస్ వైరులో 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. పల్సులు పుట్టించే 16 కాళ్ళ ఐసీ టీఎల్494 గానీ కేఏ7500 గానీ అయి ఉంటుంది, రెండూ ఒకటే. 7వ కాలు గ్రౌండ్. 12వ కాలు మీద బ్యాటరీ వోల్టేజి, 14వ కాలు మీద కచ్చితంగా 5 వోల్టులు రావాలి. 12లో ఉండి 14లో లేకపోతే ఐసీ పోయినట్టే. 12లోనే లేకపోతే రిమోట్ స్విచింగ్ ట్రాన్సిస్టర్ చూడాలి. 4వ కాలు సున్నాకి దగ్గరగా ఉంటే ఐసీ పల్సులు ఇస్తుంది, 3 వోల్టులు దాటితే ప్రొటెక్షన్ సర్క్యూట్ దాన్ని ఆపి పెట్టిందని లెక్క. అన్నీ బాగుంటే మాస్‌ఫెట్ గేట్ రంధ్రాల దగ్గర డీసీ రేంజిలో 4 నుంచి 5.5 వోల్టుల లోపు కనపడాలి. సగం సమయం ఆన్, సగం ఆఫ్ కాబట్టి మీటరు సగటు చూపిస్తుంది. అంకె ఎంతన్నది కాదు ముఖ్యం, రెండు పక్కలా ఒకటే ఉండాలి. ఒక పక్క 4.8 వచ్చి రెండో పక్క 7 వస్తే, ఆ పక్క గేట్‌ని కిందికి లాగే చిన్న పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ పని చేయట్లేదు. అప్పుడు ఆ జట్టు ఆఫ్ అయ్యేలోపే అవతలి జట్టు ఆన్ అవుతుంది, రెండూ కలిసి ప్రైమరీని షార్ట్ చేస్తాయి. వెంటనే పోవు. వేడెక్కి నాలుగైదు నిమిషాలకి పోతాయి. మీకు జరిగింది ఇలాగే ఉంది.

ఈ రీడింగులు పెట్టండి, మిగతాది చూద్దాం.


కావలి_వైరింగ్:

సర్క్యూట్ అన్న బోర్డు సంగతి చెప్పాడు. నాకు ప్రశ్నలో మొదటి పేరాలోనే దొంగ దొరికాడు. 4+4 కాయిళ్ళు ప్లస్సులు ప్లస్సులు, మైనస్సులు మైనస్సులు కలిపితే అది ప్యారలల్, 2 ఓమ్స్. బ్రిడ్జ్ చేసినప్పుడు లోడుని రెండు ఛానెళ్ళు చెరిసగం పంచుకుంటాయి, అంటే ఒక్కో ఛానెల్‌కి కనపడేది 1 ఓమ్. ఫోర్ ఛానెల్ యాంపుల్లో బ్రిడ్జ్‌కి 4 ఓమ్స్ తగ్గకూడదని టెర్మినళ్ళ దగ్గరే రాసి ఉంటుంది.

లెక్క చూడండి. ఛానెల్‌కి 4 ఓమ్స్ మీద 50 వాట్లంటే 14.1 వోల్టులు. బ్రిడ్జ్‌లో రెట్టింపు, 28.2. అది 8 ఓమ్స్ మీద 100 వాట్లు, 4 ఓమ్స్ మీద 200, 2 ఓమ్స్ మీద 400. క్లాస్ ఏబీలో సగానికి దగ్గరగా వేడిగా పోతుంది. 400 వాట్లు ఇవ్వాలంటే బ్యాటరీ నుంచి 60 ఆంపియర్లు దాటి లాగాలి, డోర్ స్పీకర్లవి కాకుండానే. గట్టిగా కొట్టినప్పుడే ప్రొటెక్ట్ రావడానికి కారణం ఇది. షాపులో మాస్‌ఫెట్లు మార్చి అదే సబ్ అదే తీరున తగిలిస్తే ఐదు నిమిషాలు పాడడమే గొప్ప.

కాయిళ్ళు సిరీస్ చేయండి. యాంప్ బ్రిడ్జ్ ప్లస్ నుంచి మొదటి కాయిల్ ప్లస్‌కి, మొదటి కాయిల్ మైనస్ నుంచి రెండో కాయిల్ ప్లస్‌కి, రెండో కాయిల్ మైనస్ యాంప్ బ్రిడ్జ్ మైనస్‌కి. రెండో కాయిల్ తిరగబడితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని కోన్ కదలదు, బాస్ రాదు. వైరు యాంప్ నుంచి పీకి మీటరుతో చూస్తే 8 ఓమ్స్ సబ్ ఆరున్నర నుంచి ఏడు చిల్లర దాకా చూపిస్తుంది, 2 ఓమ్స్ అయితే 1.6, 1.8 అలా. మీటరు చూపేది డీసీ రెసిస్టెన్సు కాబట్టి రాసిన అంకె కన్నా తక్కువే వస్తుంది. ముందు ప్రోబులు రెండూ కలిపి ఎంత చూపిస్తోందో దాన్ని తీసేసుకోండి, చవక మీటర్లలో ప్రోబు వైరే 0.3 దాకా ఉంటుంది. 8 ఓమ్స్‌తో సబ్ పవరు 100 వాట్లకి తగ్గుతుంది, నిజమే. 200 కావాల్సిందేనంటే 2+2 కాయిల్ సబ్ తెచ్చి సిరీస్ చేయాలి. 4+4తో 4 ఓమ్స్ రాదు. ఒక్క కాయిల్ మాత్రమే కలిపి 4 ఓమ్స్ అనుకునేవాళ్ళున్నారు, అప్పుడు సబ్ తట్టుకునే పవరు సగమవుతుంది, కాయిల్ మాడుతుంది.

రెండోది వైరు. 8 గేజ్ అంటే దాదాపు 8.4 చదరపు మిల్లీమీటర్లు. అసలు రాగి అయితే 5 మీటర్లకి 0.01 ఓమ్, 60 ఆంపియర్ల దగ్గర 0.6 వోల్టులు వైరులోనే పోతాయి. ఇప్పుడు కిట్లలో వచ్చేది ఎక్కువ భాగం రాగి పూసిన అల్యూమినియం, దాంట్లో వోల్టు దాకా పోతుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా వస్తే అల్యూమినియమే. వోల్టేజి పడేకొద్దీ సప్లయి అదే పవరు కోసం ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, మాస్‌ఫెట్ల మీద ఇంకా భారం. 60 ఆంపియర్ల ఫ్యూజులున్న యాంప్‌కి 4 గేజ్ రాగి వైరు వేయండి, 5 మీటర్లకి పావు వోల్టే పోతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే 60 ఆంపియర్ల ఫ్యూజు హోల్డరు పెట్టండి. మీరు దాని మాటే రాయలేదు. యాంప్ మీదున్న ఫ్యూజులు యాంప్‌ని కాపాడతాయి, వైరుని కాదు. ఆ వైరు ఫైర్‌వాల్ దగ్గర రేకుకి ఒరుసుకుంటే మధ్యలో ఆపేది ఈ ఫ్యూజు ఒక్కటే. ఆ రంధ్రంలో రబ్బరు గ్రొమెట్ కూడా ఉండాలి.

సీటు బెల్టు బోల్టు ముట్టుకోవద్దు. అది ప్రాణం నిలిపే బోల్టు, దాని కింద లగ్గు (వైరు కొసన ఉండే లోహపు బిళ్ళ) పెడితే బిగుతు మారుతుంది. పైగా దానికి లాకింగ్ గమ్ము, పెయింటు ఉంటాయి, ఎర్త్ ఎప్పుడూ నిక్కచ్చిగా ఉండదు. డిక్కీ ఫ్లోర్లో పెట్రోలు ట్యాంకు కింద లేని చోటు చూసి రంధ్రం వేసి, రూపాయి బిళ్ళంత మేర పెయింటు మెరిసేదాకా గీకి, 8 మిల్లీమీటర్ల బోల్టు, స్టార్ వాషరు, క్రింప్ చేసిన లగ్గు. ఎర్త్ వైరు అరమీటరు దాటకూడదు, ప్లస్ వైరు గేజే ఉండాలి. బిగించాక పైన పెయింటో వ్యాజలీనో పూయండి. కొత్తపట్నం, మైపాడు వైపు తిరిగే బండ్లకి ఉప్పుగాలికి లగ్గు కింద ఏడాది తిరిగేసరికి పచ్చ చిలుము పడుతుంది. పరీక్ష సులువు: ఇంజను ఆన్‌లో, పాట గట్టిగా పెట్టి, మీటరు ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి యాంప్ గ్రౌండ్ టెర్మినల్ మీద. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ సరిగా లేదు.


బాస్_ప్రియుడు:

కానీ 2 ఓమ్స్ పెడితేనే కదన్నా దబదబ వచ్చేది.


కావలి_వైరింగ్:

వస్తుంది, 1 ఓమ్ మోనో యాంప్ మీద. దీని మీద కాదు.


ఒంగోలు_డిజైర్:

అన్నలూ, చెప్పినట్టే చేశా. రీడింగులు:

నాలుగూ తీశాక ఒకే పక్కవి రెండు షార్ట్. రెండో పక్కవి రెండూ డయోడ్ మోడ్‌లో 0.47, 0.48, బాగున్నాయి. షార్ట్ అయిన పక్క గేట్ రెసిస్టర్లలో ఒకటి 47.2, ఇంకోటి ఓపెన్. ఆ పక్క చిన్న ట్రాన్సిస్టర్ ఏ1015, దాని కలెక్టర్-ఎమిటర్ ఎటు కొలిచినా ఏమీ రావట్లేదు, బేస్-ఎమిటర్ కూడా ఓపెన్. రెండో పక్క ఏ1015కి బేస్-ఎమిటర్ 0.68 వస్తోంది.

టీఎల్494: 12వ కాలు 12.3, 14వ కాలు 4.98, 4వ కాలు 0.02. గేట్ రంధ్రాల దగ్గర మంచి పక్క 4.7, పోయిన పక్క 7.9.

అవుట్‌పుట్లలో ఛానెల్ 3ది టిప్36సీ కలెక్టర్-ఎమిటర్ 0.1 ఓమ్. దాని 0.22 రెసిస్టర్ ఓపెన్. మిగతా మూడు ఛానెళ్ళు బాగున్నట్టున్నాయి. సబ్ వైరు చివర 1.7 ఓమ్స్.

ఇక్కడ షాపులో ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ వెంటనే దొరుకుతోంది, 3205 రెండు రోజులు పడుతుందంటున్నారు. మంచి పక్క పాతవి ఉంచేసి పోయిన పక్కకి 44 రెండు వేయొచ్చా? ఛానెల్ 3 లేకుండా యాంప్ ఆన్ చేసి చూడొచ్చా?


సర్క్యూట్_నెల్లూరు:

రోగం మొత్తం బయటపడింది. ఏ1015 పోవడం వల్ల ఆ పక్క గేట్ కిందికి దిగట్లేదు, అందుకే 7.9. ఇది మొదటిసారి మాస్‌ఫెట్లు పోయినప్పుడే పోయి ఉంటుంది. డ్రెయిన్-గేట్ షార్ట్ అయితే ప్రైమరీ వోల్టేజి తిన్నగా డ్రైవర్ మీదికి ఎక్కుతుంది. షాపులో దాన్ని కొలవకుండా కొత్తవి వేశారు.

44, 3205 కలపొద్దు. 3205 ఆన్‌లో ఉన్నప్పుడు రెసిస్టెన్సు 8 మిల్లీఓమ్స్, 44ఎన్ ది 17.5. ఒక పక్క ఇది, ఇంకో పక్క అది ఉంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి రెండు వైపులా సమానంగా వోల్టేజి అందదు, కోర్ ఒక వైపుకి సాచురేట్ అవుతుంది (అయస్కాంతం నిండిపోతుంది), మళ్ళీ కథ మొదటికి. నాలుగూ 44 వేసినా ఈ యాంప్‌కి వేడి ఎక్కువ. ఆ రెండు రోజులు ఆగి 3205 నాలుగూ ఒకే లాట్‌వి తీసుకోండి. బాగున్న పాత రెండూ కూడా తీసేయండి, ఒకసారి ఒత్తిడి తిన్నవి. అటు తిరగేసి 44 ఉన్న బోర్డులో 3205 వేసేటప్పుడు కూడా జాగ్రత్త ఉండాలి. 3205 గేట్ చార్జి 146 నానోకూలంబులు, 44ఎన్ ది 63. చిన్న డ్రైవరు రెండింతలకి పైగా మోయాలి.

3205 పేరుతో 44ని రుద్ది అమ్మడం మామూలైపోయింది. పినాకిని ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయినా ఇదే బెడద. పేరు చూసి తెలుసుకోలేం, కొలిచే తెలుసుకోవాలి. హెడ్‌లైటు హెచ్4 బల్బులో 55 వాట్ల తంతు ఒకటి వాడండి. బ్యాటరీ ప్లస్ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు, బల్బు, అక్కణ్ణుంచి డ్రెయిన్. సోర్స్ బ్యాటరీ మైనస్‌కి. గేట్‌కి 100 ఓమ్స్ గుండా బ్యాటరీ ప్లస్ ఇవ్వండి, బల్బు నిండుగా వెలుగుతుంది. దాదాపు 4.6 ఆంపియర్లు పారుతుంటాయి. మీటరు 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి డ్రెయిన్ కాలు, సోర్స్ కాలు మొదట్లో, ప్లాస్టిక్ అంచు దగ్గర పట్టండి. అసలు 3205 అయితే 40 మిల్లీవోల్టులు దాటదు. 70, 80 వస్తే అది 44. 100 దాటితే ఇంకేదో. కాలు చివర పట్టి కొలిస్తే కాలు రెసిస్టెన్సు కూడా కలిసి మంచిదాన్ని చెడ్డదనుకుంటారు.

కొత్తవి వేసేముందు ఆ పక్క ఏ1015, గేట్ రెసిస్టర్లు రెండూ మార్చండి. బాగున్న పక్కవి కూడా మార్చేస్తే మంచిది, చవక సరుకు. మార్చాక మాస్‌ఫెట్లు లేకుండా మళ్ళీ గేట్ వోల్టేజి కొలవండి. రెండు పక్కలా 0.1 తేడా లోపల ఉంటేనే ముందుకు.

ఛానెల్ 3 అవుట్‌పుట్ రెండూ ఊడదీసి ఆన్ చేయొచ్చు, చేయాలి కూడా. టిప్36సీ ఒక్కటే పోయినా దాని జత టిప్35సీ కూడా తీసేయండి. మాస్‌ఫెట్లు పక్కకొకటి చొప్పున రెండే వేసి మొదలుపెట్టండి, తేడా వస్తే రెండే పోతాయి. ఇప్పుడు అదే హెచ్4 బల్బుని బ్యాటరీ ప్లస్‌కీ యాంప్‌కీ మధ్య సిరీస్‌లో పెట్టండి. రిమోట్ మాత్రం బల్బుకి ముందు నుంచి, నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోండి. ఆన్ చేయగానే కెపాసిటర్లు నిండడానికి బల్బు ఒక్కసారి మెరిసి, కాసేపటికి సన్నగా ఎర్రగా మిగిలితే బాగున్నట్టు. నిండుగా వెలిగి అలాగే నిలబడితే ఎక్కడో ఇంకా షార్ట్ ఉంది. బల్బు ఉండబట్టి 5 ఆంపియర్లు దాటదు, ఏదీ కాలదు, తాపీగా వెతుక్కోవచ్చు.

ఒక హెచ్చరిక. మాస్‌ఫెట్లని హీట్ సింక్‌కి బిగించకుండా రెండు మూడు క్షణాలకి మించి ఆన్‌లో ఉంచొద్దు. బిగించేటప్పుడు కింద ఇన్సులేషన్ చూడండి. మాస్‌ఫెట్ వీపు డ్రెయిన్, అంటే బ్యాటరీ ప్లస్. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ వీపు కలెక్టర్, అంటే రైల్. హీట్ సింకేమో బాడీ స్క్రూల గుండా కారు ఎర్త్‌కి తగులుతుంది. సిల్-ప్యాడ్‌కి (ఇన్సులేషన్‌కి పెట్టే రబ్బరు లాంటి ముక్క) సూది మొనంత చిల్లి ఉన్నా, బల్ల మీద బాగా పనిచేసిన యాంప్ డిక్కీలో బిగించగానే టప్పుమంటుంది. పాత ప్యాడ్లు తిరిగి వాడొద్దు. మైకా అయితే రెండు వైపులా హీట్ సింక్ పేస్టు పల్చగా, కనపడీ కనపడనట్టు. దట్టంగా పూస్తే వేడి దిగదు. బిగించాక ప్రతి వీపుకీ సింక్‌కీ మధ్య మీటరు పెట్టండి, ఒక్కటి కూడా బీప్ అనకూడదు.


గూడూరు_12వోల్ట్:

అన్నీ చెప్పారు, ఒకటి మిగిలింది. ఇన్‌పుట్ కెపాసిటర్లు చూడండి, బ్యాటరీ టెర్మినళ్ళ పక్కన 16 వోల్టులవి పెద్దవి రెండో మూడో ఉంటాయి. పైన క్రాస్ గుర్తు ఉబ్బినా, అడుగున గోధుమ రంగు జిగురు కాకుండా తడి మరక కనపడినా మార్చాల్సిందే. ఇవి ఎండిపోతే 5 మీటర్ల వైరు అవతలి బ్యాటరీ క్షణంలో అందించలేని కరెంటు ఇచ్చేవాళ్ళు ఉండరు, డ్రెయిన్ మీద స్పైకులు పెరిగి 55 వోల్టుల మాస్‌ఫెట్ పంక్చరవుతుంది. 105 డిగ్రీలవి, 25 వోల్టులవి వేయండి. మన దగ్గర రోహిణి కార్తెలో ఎండన నిలబెట్టిన కారు డిక్కీ లోపల 85 డిగ్రీల కెపాసిటర్ ఎక్కువ కాలం బతకదు. ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ళ చుట్టూ లెడ్‌కి ఉంగరంలా పగులు వచ్చిందేమో కూడా చూసి మళ్ళీ కరిగించండి. ట్రాన్స్‌ఫార్మర్ బరువంతా కుదుపుల్లో ఆ కాళ్ళ మీదే పడుతుంది.


ఒంగోలు_డిజైర్:

3205లు ఎనిమిది తెప్పించి బల్బుతో కొలిస్తే ఆరు 34 నుంచి 37 మిల్లీవోల్టులు, రెండు 81. ఆ రెండూ వెనక్కి ఇచ్చేశా. ఏ1015లు, గేట్ రెసిస్టర్లు మార్చాక గేట్ల దగ్గర 4.7, 4.7. ఇన్‌పుట్ కెపాసిటర్లలో ఒకటి నిజంగానే ఉబ్బి ఉంది, మార్చా. రెండు మాస్‌ఫెట్లతో, ఛానెల్ 3 లేకుండా బల్బు మెరిసి సన్నబడింది. రైల్స్ ప్లస్ 27.1, మైనస్ 27.0. ఛానెల్ 1, 2, 4 స్పీకర్ టెర్మినళ్ళ దగ్గర డీసీ 12, 9, 17 మిల్లీవోల్టులు. ఛానెల్ 3కి టిప్35సీ, 36సీ, 0.22 రెసిస్టర్లు వేసేముందు ఇంకేమైనా చూడాలా?


సర్క్యూట్_నెల్లూరు:

50 మిల్లీవోల్టుల లోపు ఉంటే బాగున్నట్టే. ఛానెల్ 3లో అవుట్‌పుట్లకి ముందున్న డ్రైవర్ ట్రాన్సిస్టర్లు రెండూ ఛానెల్ 4తో పోల్చి కొలవండి. అవుట్‌పుట్ షార్ట్ అయినప్పుడు బేస్ గుండా వెనక్కి కొట్టి డ్రైవర్‌నీ దాని బేస్ దగ్గర చిన్న రెసిస్టర్‌నీ తీసుకుపోవడం మామూలు. సింక్‌కి తగిలించిన చిన్న బయాస్ ట్రాన్సిస్టర్ (పాట లేనప్పుడు అవుట్‌పుట్లలో పారే కరెంటుని అదుపులో ఉంచేది) ఒకటి ఉంటుంది, అది ఓపెన్ అయితే కొత్త అవుట్‌పుట్ ఆన్ చేసిన క్షణమే పోతుంది. అది కచ్చితంగా చూడండి.

అన్నీ వేసి, సింక్‌కి బిగించి, మళ్ళీ బల్బు మీదే ఆన్ చేయండి. ఛానెల్ 3 దగ్గర 0.22 రెసిస్టర్ రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు కొలవండి, పక్క ఛానెల్‌తో సరిపోవాలి. 5 మిల్లీవోల్టులంటే 23 మిల్లీఆంపియర్లు, సుమారుగా ఆ పరిధిలో ఉంటుంది. 30, 40 వచ్చి పెరుగుతూ పోతుంటే వెంటనే ఆపండి, బయాస్ తప్పింది. ఇది సరిపోతే మిగతా రెండు మాస్‌ఫెట్లు వేయండి. బల్బు మీద పావుగంట ఉంచి సింక్ మీద చెయ్యి పెట్టండి, అంతా ఒకే రకంగా గోరువెచ్చగా ఉండాలి, ఒక చోటే చురుక్కుమనకూడదు. అప్పుడు బల్బు తీసి 10 ఆంపియర్ల ఫ్యూజుతో ఒక చిన్న స్పీకరు పెట్టి నాలుగు ఛానెళ్ళూ వినండి. 30 ఫ్యూజులు ఆ తర్వాతే.


కావలి_వైరింగ్:

కారులో పెట్టాక గెయిన్ (యాంప్ ఎంత పెంచాలో పెట్టే నాబు) చెవితో పెట్టొద్దు, మీటరుతో పెట్టండి. స్పీకర్ వైర్లన్నీ పీకి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు, బాస్ బూస్ట్, ఈక్వలైజర్ అన్నీ సున్నా, యాంప్ మీద ఫిల్టర్ ఫుల్. ఫోన్‌లో 50 హెర్ట్జ్ సైన్ టోన్ పెట్టండి, చవక మీటర్లు ఏసీని ఆ ఫ్రీక్వెన్సీలోనే సరిగ్గా చూపిస్తాయి. 1, 2 ఛానెళ్ళు 14 వోల్టుల ఏసీ వచ్చేదాకా గెయిన్ తిప్పి ఆపండి, బ్రిడ్జ్ టెర్మినళ్ళ మధ్య 28. దాటితే ముందు క్లిప్పింగ్ (అలల కొసలు తెగి పాట చీలడం), ఆ వెనక కాయిల్ మాడడం. తర్వాత ఫిల్టర్లు వాటి చోట్లకి తిప్పండి: డోర్లకి హైపాస్ 80 (దానికి పై శబ్దాలే పోతాయి), సబ్‌కి లోపాస్ 80 హెర్ట్జ్ (కింది శబ్దాలే). ఆర్‌సీఏలు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ యాంప్ ఆఫ్‌లో ఉండాలి. ఆన్‌లో పీకితే కొన్ని స్టీరియోల్లో ఆర్‌సీఏ గ్రౌండ్ దగ్గరున్న సన్న ఫ్యూజు పోయి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఆల్టర్నేటర్ ఈల వినిపిస్తుంది. సబ్ వైరు యాంప్‌కి తగిలించే ముందు చివర్న ఇంకోసారి కొలవండి, 6.5కి తక్కువ వస్తే బిగించొద్దు.


ఒంగోలు_డిజైర్:

6.9 వచ్చింది అన్నా. 4 గేజ్ రాగి వైరు, ముందు 60 ఫ్యూజు, ఎర్త్ డిక్కీ ఫ్లోర్లో వేయించా. పాట గట్టిగా పెట్టినప్పుడు ఎర్త్ దగ్గర 0.06 వోల్టులు. ప్రొటెక్ట్ లైటు రాలేదు. సింక్ గంట తర్వాత కూడా చెయ్యి పెట్టి ఉంచేంత వేడే.